అత్తకు అత్తయిన సులోచనమ్మ

సులోచనమ్మకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతుర్నీ హిందూపురంలో ఇచ్చారు. కాబట్టి తాను ఎప్పటికైనా ఒక కోడలికి అత్తనవుతానని ఆమె కలలో కూడా అనుకోలేదు. అలాంటిది పంతొమ్మిది వందల ఎనభై అయిదో సంవత్సరంలో, చింతామణి బజారు వీధిలోని ఆ ఇంటికి కాపురానికొచ్చిన ముప్ఫై ఏళ్ళకు, ఒక మంగళవారం పొద్దున ఉన్నట్టుండి అత్తయి కూర్చుంది. కోడలు మరెవరో కాదు, ఆమె సొంత అత్తగారు వనజమ్మే.

వనజమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మరుపు మొదలై అప్పటికి రెండేళ్ళయింది. మొదట గిన్నెల మూతలు ఎక్కడ పెట్టిందో మరిచింది, తరవాత వారాలు మరిచింది, ఆ తరవాత భర్త పోయి పదిహేనేళ్ళయిందన్న సంగతి మరిచి, అంగడి నుంచి ఇంకా రాలేదేమని వాకిట్లో నిలబడేది. ఆ మంగళవారం సులోచనమ్మ ఉప్మాను, అక్కడివాళ్ళ మాటలో ఉప్పిట్టును, తట్టలో పెట్టుకుని వస్తే, మంచం మీది నుంచి చటుక్కున లేచి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, గోడవారగా నిలబడింది.

"మీరు తిన్నారా అత్తా?" అంది తలవంచుకుని.

సులోచనమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నేను సులోచనను అత్తా. మీ కోడల్ని. కూర్చోని తినండి, సల్లగైపోతాది."

"మీరు తినకుండా నేనెట్ల తినేది? ఊరంతా నవ్వల్లనా?"

ఎంత చెప్పినా వినలేదు. మధ్యాహ్నం రాగిముద్దా తినలేదు, సాయంత్రం బొరుగులూ తినలేదు. చివరికి సులోచనమ్మే విసుగెత్తి, ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు తట్టల్లో పెట్టుకొచ్చి, ఒకదాంట్లో ఉన్నదంతా తానే తినేసి, ఖాళీ తట్ట చూపించి గట్టిగా అరిచింది: "తిన్నా! సూసినావా? గోడకు మేకు కొట్టినట్ల ఆడే నిలబడుకోని ఉండావేమే? కూర్చోని తిను! మీ అమ్మ నీకు నేర్పింది ఇంతేనా?"

వనజమ్మ ముఖం విప్పారింది. గబగబా కూర్చుని, రెండో తట్టలోది మెతుకు మిగల్చకుండా తింది.

సులోచనమ్మకు నోరు మూతపడలేదు. ఆ మాటలు ఆమె సొంతం కావు. కాపురానికొచ్చిన కొత్తలో వనజమ్మ తనను అన్న మాటలే అవి, ఒక్క అక్షరం మారకుండా. వనజమ్మ అత్త మీనాక్షమ్మను సులోచనమ్మ చూసి ఎరగదు. తాను ఈ ఇంటికి రాకముందే ఆమె పోయింది. కానీ ఆ మాటలు వనజమ్మ చెవికి తన అత్త మాటలుగా ఎంత చక్కగా సరిపోయాయంటే, వనజమ్మకు వాటిని నేర్పిన పంతులమ్మ ఎవరో సులోచనమ్మకు ఆ రోజే తెలిసింది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో భోజనాల పద్ధతి మారిపోయింది. ముందు అత్త తినాలి, తరవాత తిట్టాలి, ఆ పైన కోడలు తింటుంది. అయితే తిన్న అరగంటకు వనజమ్మ తిన్న సంగతి మరిచిపోయేది. మళ్ళీ ఆకలనేది. మళ్ళీ అత్త ముందు తినాలి. అలా రోజుకు ఆరు పూటలు తిని తిని, రెండు నెలలకు సులోచనమ్మ రవికెలన్నీ కుట్లు విప్పి వదులు చేయించుకోవలసి వచ్చింది.

పక్కింటి రామలక్ష్మమ్మ ఈ కేకలు విని ఊరుకోలేకపోయింది. ఒకనాడు పెరటిగోడ మీదుగా తల పెట్టి నిలదీసింది. "ఏమమ్మా సులోచనా, సావుకు దగ్గిరైన ముసలామెను ఇన్నేసి మాటలంటావా? నీ నోరు ఇట్లాంటిదని ముప్ఫై ఏండ్లుగా నాకు తెలీకపాయె గదా!"

"తిట్టకుంటే తినరు రామలక్ష్మమ్మా."

"నువ్వు పక్కకు పో. నేనొచ్చి తినిపిస్తా సూడు."

వచ్చి, మంచం పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని, "తినమ్మా, నా బంగారు తల్లీ, ఒక్క ముద్ద" అంది. వనజమ్మ ముఖం పాలిపోయింది. అత్తవారింట్లో తనతో ఇంత మెత్తగా మాట్లాడుతున్నారంటే ఏదో జరగరానిది జరిగి ఉండాలి. "మా ఊర్లో, పాతపాళ్యలో ఎవరన్నా పోయినారా? దాచద్దండి, మా నాయననా?" అని మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా ఏడ్చింది. ఆ తరవాత రామలక్ష్మమ్మ తీరే మారిపోయింది. పెరట్లో బట్టలారేసుకుంటూ, పక్కింట్లో సద్దు వినిపించకపోతే తానే పిలిచేది. "ఏమమ్మా, ఈ పొద్దు ఇంగా తిట్టలేదే? టైమయింది గదా!"

ఇక సులోచనమ్మ భర్త పద్మనాభ సంగతి. బజారులో చింతపండు, బెల్లం అంగడి నడుపుతున్న మెతక మనిషి. అత్త భర్త మామే అవుతాడు కాబట్టి వనజమ్మకు ఆయన మామగారయ్యాడు. మామ ఎదుట కోడలు కూర్చోకూడదు. ఆయన నడవలో అడుగు పెడితే చాలు, వణుకుతున్న కాళ్ళతో లేచి తలుపు చాటుకు పరుగెత్తబోయేది. రెండుసార్లు పడబోయింది. తుంటి విరిగితే ఇక అంతేనని భయపడి పద్మనాభ ముందు గుమ్మంలోంచి రావడం మానుకున్నాడు. సందులోంచి పెరట్లోకొచ్చి, బట్టలుతికే బండ మీద కూర్చుని అన్నం తినేవాడు. తల్లి ఎలా ఉందో గోడ అవతలి నుంచి అడిగేవాడు.

"మా అమ్మను నేను సూసి నెలైపాయ సులోచనా," అన్నాడొకసారి, ముద్ద సగంలో ఆపి.

"నిద్రపోయినప్పుడు వచ్చి సూడండి."

"సూస్తానే ఉండా. నిద్రలో గూడా కొంగు మీదికి లాక్కుంటాది, నేనొస్తే."

నిజం చెప్పాలంటే, మొదటి వారం సులోచనమ్మకు ఈ అత్తరికం బాగానే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా మింగిన మాటలు ఒక్కటొక్కటే బయటికి తీసి, ఎవరి దగ్గర తీసుకుందో వాళ్ళకే ఇచ్చేసి, వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. అది ఎన్నాళ్ళో సాగలేదు. ఒకరోజు తిట్లయ్యాక, వనజమ్మ తట్టను రెండు చేతులా గుండెకు హత్తుకుని చిన్న గొంతుతో అడిగింది. "అత్తా, నేనేం తప్పు చేసినానో చెప్పండి. ఇంగోసారి చెయ్యను."

సులోచనమ్మ కాపురానికొచ్చిన మొదటి ఏడు అదే వంటింటి గుమ్మంలో నిలబడి వనజమ్మను అదే ప్రశ్న అడిగింది. అప్పుడు ఆమెకు జవాబు దొరకలేదు.

"ఏమీ చెయ్యలేదు పో," అంది, గొంతు ఎంత గట్టిగా పెట్టగలిగితే అంత గట్టిగా పెట్టి. ఆ రోజు నుంచీ తిట్లు పెదవుల మీదే ఉండేవి, లోపలి నుంచి రావడం మానేశాయి.

చిక్కబళ్ళాపూరు డాక్టరు నారాయణస్వామి గురువారం గురువారం చింతామణికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఈ ఇంటికీ వచ్చి చూసిపోయేవాడు. ఆయన నాడి చూడబోయి మణికట్టు పట్టుకుంటే వనజమ్మ ఆయన్ను గాజుల సెట్టి అనుకుంది. "పచ్చవి వద్దు. ఎర్రవి ఉంటే మా అత్తనడిగి ఇయ్యి" అంది. డాక్టరు తెలివైనవాడు. అప్పట్నుంచీ నాడి లెక్కపెడుతూ, ఎర్రవి ఈసారి సరుకు రాలేదమ్మా అని చెప్పేవాడు. లెక్క అయ్యేదాకా ఆమె కదలకుండా చెయ్యి ఇచ్చేది.

ఏడో నెలలో ఆయన భార్యాభర్తలిద్దరినీ పెరట్లోకి పిలిచాడు. ముగ్గురూ ఉతికే బండ చుట్టూ నిలబడ్డారు.

"ఈ రోగం ముందరికే గానీ యెనక్కి పోదప్పా. ఇంగ కొన్నాళ్ళకి మింగేది గూడా మర్సిపోతారు. అప్పుడు మీకు రెండు దార్లుండాయి. బెంగళూరికి పిల్చకపోయి, ముక్కులో గొట్టం ఏపించి పాలు పోపించేది ఒకటి. అట్లయితే ఇంగా కొన్ని నెల్లు ఉంటారు, మంచానికి చేతులు కట్టేసి. లేదంటే మన దగ్గిరే పెట్టుకోని, తినేంత తినిపిస్తా, నోరు ఎండిపోకుండా తడుపుతా, ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకొకతూరి పక్క మారుస్తా, నొప్పికి నేనిచ్చే మందు ఇచ్చి సుఖంగా పంపిచ్చేది ఇంగొకటి. ఏదనేది ఆ గడియలో కొట్లాడుకోకుండా ఇప్పుడే అనుకోని పెట్టుకోండి."

పద్మనాభ తన అలవాటు చోట, బండ మీద కూర్చున్నాడు. "అమ్మనే అడిగితే?"

"రెండేండ్ల ముందు అడిగింటే బాగుండు. ఇప్పుడు ఆమె మనసులో మాట ఎవురికి చెప్తారు?"

"అత్తకైతే చెప్తాది సార్," అన్నాడు పద్మనాభ.

డాక్టరు నవ్వలేదు. సులోచనమ్మ వైపు తిరిగి, "అట్లయితే మీరే అడగండమ్మా," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

సులోచనమ్మ అడగలేదు. చావు గురించి కొత్తకోడల్ని ఏ అత్తయినా ఎలా అడుగుతుంది? రేపు, ఎల్లుండి అని వాయిదా వేస్తూ ఉండగానే, శనివారం మధ్యాహ్నం మరిది బాలచంద్ర బెంగళూరు నుంచి కారు వేసుకుని దిగాడు. పెద్ద ఫ్యాక్టరీలో ఆఫీసరు. తల పక్కకు తిప్పకుండా నేరుగా నడిచే మనిషి.

"వదినా, నర్సింగ్ హోములో రూము బుక్ చేసినాను. స్పెషలిస్టుతో మాట్లాడినాను. సాయంకాలానికి అడ్మిట్ చేయల్ల. అమ్మ గుడ్డలు సర్దు."

సులోచనమ్మ నోరు తెరిచేలోపల లోపలి నుంచి కేక వినిపించింది. అంత గట్టి గొంతు వనజమ్మకు నెలలుగా లేదు.

"పాపన్నా! వచ్చినావా నాయనా! నన్ను పిల్చకపోయేదానికి వచ్చినావా!"

పాపన్న వనజమ్మ తమ్ముడు. పిల్లలు లేకుండానే పోయి పాతికేళ్ళయింది. బాలచంద్రకు మేనమామ పోలికే వచ్చింది. వనజమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, ఆఫీసరు రెండు చెంపలూ నిమిరి, పెట్టె ఎక్కడుందని వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"సూడు వదినా, ఆమే వస్తానంటాంది," అన్నాడు బాలచంద్ర. కళ్ళలో నీళ్ళు తిరిగాయి అతనికి.

"నీతో కాదప్పా. పాపన్నతో. నర్సింగ్ హోముకు కాదు. పాతపాళ్యకు."

"యాడికైతే ఏం? కారెక్కితే చాలు."

కానీ వనజమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వెనక్కి తిరిగి, సులోచనమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "మీరు పొమ్మంటేనే పోతానత్తా."

బాలచంద్ర వదిన ముఖం చూస్తున్నాడు. సందులోంచి వచ్చి పెరట్లో నిలబడ్డ పద్మనాభ కిటికీ ఊచల్లోంచి చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఈ ఇంట్లో గోడలకు ఏ రంగు సున్నం వెయ్యాలో కూడా సులోచనమ్మను అడిగినవాళ్ళు లేరు. ఈ రోజు ఒక మనిషి ఎలా పోవాలో ఆమె నోటి మాట కోసం ముగ్గురు ఎదురుచూస్తున్నారు.

"నువ్వే అత్త. నువ్వే చెప్పు," అన్నాడు కిటికీలోంచి పద్మనాభ.

సులోచనమ్మ మంచం మీద కూర్చుంది. మీనాక్షమ్మ ఎలా కూర్చునేదో తెలియదు గానీ, వనజమ్మ ఎలా కూర్చునేదో తెలుసు. అలాగే కూర్చుంది.

"పోయి ఏం చేస్తావే ఆడ?"

"పండుకుంటానత్తా. మా అమ్మ పక్కన పండుకుంటా. ఈడ కోడి కూయకముందే లెయ్యల్ల. కాళ్ళు గుంజుతాండాయి."

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

వనజమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పాలా వద్దా అని పిల్లలు ఆలోచించినట్టు ఆలోచించింది. "రానత్తా," అంది చివరికి.

"యాడన్నా పెద్ద ఆస్పత్రికి పిల్చకపోయి, ముక్కులో గొట్టం పెట్టి పాలు పోస్తే?"

వనజమ్మకు నవ్వొచ్చింది. అత్త ఎదుట నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎద్దుకు ముక్కుతాడు ఏసినట్లనా? నేను కరుస్తానత్తా."

సులోచనమ్మ లేచి నిలబడింది. "పాతపాళ్యకే పంపిస్తా. పెట్టె తెచ్చుకో."

బాలచంద్ర ఎగిరిపడ్డాడు. పాతపాళ్యలో డాక్టరు లేడన్నాడు, మందుల అంగడి లేదన్నాడు, మనవాళ్ళంటూ ఒక్క పురుగు లేదన్నాడు. పాపన్న మామ ఇల్లు ఊరి పంచాయతీకి వదిలేసి పోయాడని, ఇరవై ఏళ్ళుగా అటు తొంగిచూసినవాళ్ళు లేరని అరిచాడు. అదంతా నిజమే.

"డాక్టరు చేసేది ఇంగేమీ లేదని ఆ డాక్టరే చెప్పినాడప్పా. మందు నా సంచీలో ఉండాది. ఆమెకు కావల్సింది ఇల్లు. ఇల్లు ఉంటాది గదా?"

"ఇదంతా పిచ్చితనం వదినా!"

"పాపన్నా, మా అత్త ముందర గొంతు లేపద్దురా," అంది వనజమ్మ భయంగా. ఆఫీసరు నోరు మూసుకుని కారు తలుపు తెరిచాడు.

అత్త కూడా కారెక్కడం చూసి వనజమ్మ కంగారుపడింది. పుట్టింటికి పోయే కోడలి వెంట అత్త వెళ్ళడం ఎక్కడైనా ఉందా? "మీ అమ్మతో నీ మీద సాడీలు చెప్పేదానికి వస్తాండా," అని సులోచనమ్మ అన్నాక గానీ కుదుటపడలేదు. అది నమ్మదగిన మాటే అనిపించింది ఆమెకు. పద్మనాభ మాత్రం కారులో ఎక్కే వీల్లేకపోయింది. మామగారి పక్కన కోడలు కూర్చోదు. ఆయన అంగడి చూసుకుని వెనక బస్సులో వస్తానన్నాడు. బాగేపల్లిలో కారు ఆపి, అందరికీ టీ ఇప్పించి, బాలచంద్ర ఫ్యాక్టరీకి తంతి కొట్టాడు. నాలుగు రోజులు సెలవు కావాలని రాశాడు. కారణం అనే చోట ఏం రాయాలో తెలియక, అక్కను పుట్టింటికి తీసుకెళ్తున్నానని రాసి, కొట్టేసి, తల్లికి బాగాలేదని రాశాడు.

పొద్దువాలుతుండగా పాతపాళ్యలో కారు ఆగింది. ఇల్లు ఉంది. అదే గడప, అవే రాతి కంబాలు. కానీ గోడలకు తెల్లసున్నం, తలుపు మీద నీలం బోర్డు, బోర్డు మీద కన్నడంలో హాలు ఉత్పాదకర సహకార సంఘ అన్న అక్షరాలు. వనజమ్మ పుట్టిల్లు ఊరి పాల డైరీ అయింది. అప్పుడే సాయంత్రం పాలు పోసే వేళ. చెంబులూ బిందెలూ చంకన పెట్టుకుని యాభై అరవై మంది ఆడవాళ్ళు వాకిట్లో వరసగా నిలబడి ఉన్నారు. నడవలో కార్యదర్శి బైరప్ప, పాలల్లో నీళ్ళు కలిపారేమో చూసే గాజు గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

బాలచంద్ర సులోచనమ్మ వైపు చూసిన చూపులో, నేను చెప్పలేదా అన్న మాట దాచుకోలేదు. కానీ అతని చేతుల్లో ఉన్న వనజమ్మ, వాకిలంతా కలయజూసి, పొంగిపోయింది.

"అందరూ వచ్చినారే! నేనొస్తాండానని ఎవురు చెప్పినారు?"

వరసలో ముందున్న ముసలామె పేరు మునిరత్నమ్మ. పొలం పని చేసి చేసి నల్లబడ్డ మనిషి. వనజమ్మ ఆమె వైపు చేతులు చాచి "అమ్మా!" అంది.

మునిరత్నమ్మ రెప్ప కూడా కొట్టలేదు. పాల చెంబు కింద పెట్టి, తన కన్నా పదేళ్ళు పెద్దదాని తల నిమిరింది. "వచ్చినావా తల్లీ? ఏమిట్ల చిక్కిపోయినావు? మీ అత్త తిండి పెట్టదా?"

అత్త పక్కనే, ఆరు పూటల ఒళ్ళుతో, తల దించుకుని నిలబడింది.

సంగతంతా విన్నాక బైరప్పకు జాలేసింది కానీ, బైలా ప్రకారం సంఘం కట్టడంలో బయటివాళ్ళు పండుకోకూడదు. ఆయన బైలా మనిషి. అయితే సభ్యులందరూ వాకిట్లోనే ఉన్నారు కాబట్టి అధ్యక్షుడు చెన్నరాయప్పను పిలిచి అక్కడికక్కడే సభ పెట్టారు. సభ్యులైతే పండుకోవచ్చా? పండుకోకూడదని ఎక్కడా రాసి లేదు. సభ్యురాలు కావాలంటే ఈ ఊరి మనిషై ఉండాలి. ఈ ఇంట్లోనే పుట్టింది కాబట్టి ఇంతకు మించి ఊరి మనిషి ఎవరని చెన్నరాయప్ప అన్నాడు. పాలిచ్చే ఆవు ఉండాలి. ఇక్కడ అందరూ ఆగిపోయారు.

"నాకు రెండుండాయి," అంది మునిరత్నమ్మ. "ఎర్రావును ఆమె పేర రాసుకోండి. పాలు నేనే పోస్తాలే, ఆమె పేరుతో."

బైరప్ప నడుస్తున్న రిజిస్టరు తెరిచి, వనజమ్మ అనే కొత్త సదస్యెకు, అంటే సభ్యురాలికి, ఆరోగ్య కారణాల వల్ల వెనక గదిలో విశ్రాంతికి అనుమతి ఇస్తూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనదని కన్నడంలో రాసి, సంతకం కోసం పట్టుకొచ్చాడు. వనజమ్మ అత్త వైపు చూసింది. అత్త తలూపింది. బైరప్ప కలం తీసుకుని తెలుగులో వనజ అని రాసింది, ఒత్తులూ దీర్ఘాలూ లేని పేరు కాబట్టి తప్పు పోలేదు.

వెనక గదిలో డబ్బాలు జరిపి పరుపు వేశారు. అక్కడ పన్నెండు రోజులు గడిచాయి.

అక్కడ సులోచనమ్మకు పని లేకుండా పోయింది. పుట్టింట్లో ఆడపిల్ల ఎవరు తిన్నారని చూసుకుని తినదు కదా. "మీగడ పెట్టమ్మా" అని మునిరత్నమ్మనే అడిగి, చెంచాడు తిని చాలనేది. తిట్లు అక్కర్లేదు. పొద్దునా సాయంత్రం పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్ళందరూ వరసగా వెనక గదిలోకొచ్చి పలకరించి పోయేవాళ్ళు. ఎవరు వచ్చినా ఆమెకు ఎవరో ఒకరు అయ్యేవాళ్ళు. చిన్నమ్మ, మేనత్త, చిన్ననాటి నేస్తం. ఎవరూ కాదనలేదు. అత్తను మాత్రం అందరూ ఎత్తుపీట మీద కూర్చోబెట్టి మర్యాద చెయ్యాలని వనజమ్మ పట్టుబట్టేది. అందుకని పాల డబ్బా బోర్లించి దాని మీద కూర్చోబెట్టారు.

బాలచంద్ర నాలుగు రోజులు అన్నవాడు వెనక్కి పోలేదు. ఆఫీసు ప్యాంటు మీదే నేల మీద కూర్చుని, తడిగుడ్డతో పెదాలు అద్దుతూ, చేతి గడియారం చూసి రెండు గంటలకొకసారి పక్క మార్చేవాడు. "పాపన్నా, రేగిపండ్లు ఏరుకోనిరా పో" అంటే లేచి వెళ్ళేవాడు. అది రేగిపండ్ల కాలం కాదు. ఊరంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చి, "కాకులు తినేసినాయక్కా" అని చెప్పేవాడు. మొదటిసారి ఆ మాట అనడానికి గుమ్మం దాకా వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చాడు. తరవాత అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం వనజమ్మ మునిరత్నమ్మ చెవి దగ్గరకు లాక్కుని, రహస్యం చెప్పినట్టు చెప్పింది. డబ్బా మీద కూర్చున్న సులోచనమ్మకు ప్రతి ముక్కా వినిపించింది.

"మా అత్త నోరు పెద్దదే గానీ చెడ్డది గాదమ్మా. తిడ్తా తిడ్తానే వేడివేడిగా పెడ్తాది. నేను పక్క తడిపితే ఎవురికీ చెప్పకుండా ఉతికేస్తాది. అంగట్లో ఉండే మామకు గూడా చెప్పదు."

పద్నాలుగేళ్ళ కొత్తకోడలి పక్క గుడ్డలు మీనాక్షమ్మ ఎప్పుడైనా ఉతికి ఉంటుందా? సులోచనమ్మ డబ్బా మీది నుంచి లేచి, డైరీ వెనక్కి పోయి, తొట్టి దగ్గర ఎవరూ చెప్పకుండానే ఒక్కో డబ్బా కడగడం మొదలుపెట్టింది.

రెండో ఆదివారం పద్మనాభ బస్సు దిగి వచ్చాడు. అలవాటు ప్రకారం గడప బయటే ఆగి, గోడ అవతలి నుంచి, "ఎట్లుండాది?" అని అడిగాడు. వనజమ్మ కళ్ళు తెరిచింది. లేవబోలేదు. కొంగు లాక్కోలేదు.

"నాయనా," అంది. "ఆడే నిలబడినావేం? రా."

వాళ్ళ వైపు తండ్రినీ నాయనా అంటారు, కొడుకునూ నాయనా అంటారు. పుట్టింట్లో ఉంది కాబట్టి తండ్రే అనుకుని ఉండవచ్చు. పద్మనాభ అది అడగలేదు. ఏడు నెలల తరవాత తల్లి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, సాయంత్రం బస్సు వెళ్ళిపోయినా లేవలేదు.

బుధవారం పొద్దున పాల లారీ వెళ్ళిపోయాక వనజమ్మ పోయింది. నొప్పి లేదు, గొట్టం లేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయి, ఒకచోట తరవాతిది రాలేదు. కొడుకులిద్దరూ చెరొక పక్కన ఉన్నారు. సులోచనమ్మ వంగి, "అత్తా" అని పిలిచింది. ఇన్ని నెలల్లో ఆ పిలుపు ఆమె వినడమే తప్ప పిలిచింది లేదు. ఇంకోసారి పిలిచింది. తరవాత కళ్ళు మూసి, చెంపకు అంటిన మీగడ తుడిచింది.

ఊరి బయటే దహనం చేశారు. ఈలోపల చెన్నరాయప్ప ఇంకో సభ పెట్టాడు. సభ్యులెవరైనా పోతే సంఘం ఒక పూట మూసెయ్యాలని బైలాలో ఉందని బైరప్ప చదివి వినిపించాడు. సంఘం పెట్టిన తరవాత పోయిన మొదటి సభ్యురాలు ఆమే. కాబట్టి ఆ సాయంత్రం డైరీ తలుపు వేశారు. అయితే ఆవులకు బైలా తెలియదు. పితికిన పాలు పితికినట్టే ఉండిపోయాయి. అమ్మే వీలు లేదు, రేపటిదాకా నిలవ ఉండవు. పాలన్నీ లారీకే పోయే ఆ ఊళ్ళో పిల్లలకు టీలో పోసుకునే గరిటెడు తప్ప దక్కేది కాదు. ఆ సాయంత్రం మాత్రం ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద బిందెల కొద్దీ పాలు కాగాయి. పిల్లలు లోటాలు పట్టుకుని ఈ వాకిట్లోంచి ఆ వాకిట్లోకి పరుగెత్తుతూ, మూతుల మీద తెల్లటి మీసాలతో, ఇంక మింగలేమన్నదాకా తాగారు.

మునిరత్నమ్మ ఎర్రావు పాలు ఒక పెద్ద లోటా నిండా తెచ్చి సులోచనమ్మ చేతిలో పెట్టింది. "తాగమ్మా. పొద్దున్నుంచి నోట్లో నీళ్ళు గూడా పోసుకోలే నువ్వు."

సులోచనమ్మ డైరీ అరుగు మీద కూర్చుని, వేడి తగ్గేదాకా ఊదుకుంటూ, నెమ్మదిగా తాగింది. సగమయ్యాక భర్తనూ మరిదినీ పిలిచి ఇచ్చింది.